చిట్టి వాళ్ళమ్మను చూడబోయి

ఆ రోజుల్లో గల్ఫులో పనిచేసేవాళ్ళకి సెలవంటే ఇంటికి పోవడమే, ఇంకో అర్థం లేదు. నెల ముందునుంచీ అట్టపెట్టెలు నింపడం, తాళ్ళు బిగించడం, ఊళ్ళో దిగి అవన్నీ పంచిపెట్టడం, మిగిలిన నాలుగు రోజులూ 'నాకేం తెచ్చావ్' అన్నవాళ్ళకి సమాధానం చెప్పుకుని, ఒళ్ళు హూనం చేసుకుని మళ్ళీ డ్యూటీలో వచ్చి పడటం. సెలవు పెట్టి ఎవరైనా ఊళ్ళు చూడటానికి వెళ్తారనీ, అదీ చుట్టమూ పక్కమూ లేని దేశానికి వెళ్తారనీ ఎవరి ఊహకీ తట్టేది కాదు. అలాంటి కాలంలో, అల్ ఐన్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా ఉన్న నేను, ఫిలిప్పీన్స్ చూసొస్తానని సెలవు కాగితం పెట్టాను. ఎందుకంటే నాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బుంది. ఎక్కడ ఏది మూసి ఉన్నా తెరిచి చూడాల్సిందే. (మా అమ్మ వంటింటి జాడీలకి గుడ్డ కట్టి మూడేసి ముళ్ళు వేసేది నా ధాటికే.)

ఈసారి జబ్బు తిరగబెట్టడానికి కారణం మా హాస్టల్ గది గోడ మీది క్యాలెండర్. అది నాతోపాటు ఆ గదిలో ఉండే ఫిలిప్పీన్స్ అమ్మాయిది. ఆమె అసలు పేరు పలకాలంటే నాలిక నాలుగు మెలికలు తిరగాలి. మనిషేమో నా భుజం దాకా కూడా రాదు. అందుకని తెలుగు నర్సులందరం చిట్టి అనేవాళ్ళం. పాపం, ఆమె కూడా పలికేది. ఆ క్యాలెండర్లో ఒక పెద్ద చెరువు, చెరువు మధ్యలో కొండ, ఆ కొండ నెత్తిన మళ్ళీ ఒక చెరువు. "అది అగ్నిపర్వతం అక్కా, మా ఊరికి దగ్గరే, ఒక్కోసారి పొగ కూడా వస్తుంది" అనేది చిట్టి. నీళ్ళ మధ్య నిప్పు, నిప్పు మీద నీళ్ళు. రోజూ డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు పైకి పెట్టుకుని ఆ బొమ్మనే చూసేదాన్ని. చివరికి, ఇద్దరం కలిసి వెళ్దామనుకున్నాం.

ముదీర్ దగ్గరికి, అంటే మా మేనేజరు దగ్గరికి వెళ్ళాను. మా ఆసుపత్రిలో సెలవులూ పాస్‌పోర్టులూ అన్నీ ఆయన చేతిలోనే. కాగితం చూశాడు, నన్ను చూశాడు. "నువ్వు ఇండియా మనిషివి కదా, అక్కడికెందుకు?" అన్నాడు. కొండ చూడటానికి అన్నాను. ఆయన కుర్చీ తిప్పి కిటికీలోంచి అల్ ఐన్ కొండ వైపు చెయ్యి చూపించాడు. "కొండ ఇక్కడే ఉందిగా" అన్నాడు చాలా మర్యాదగా. అంబులెన్సు నడిపే నెల్లూరు భాయ్ అయితే నా క్షేమం గురించి నిజంగానే బెంగపడ్డాడు. "ఏందిమ్మా సిస్టరమ్మా, ఊరికి పోకుండా ఆ దేశానికి పోతుండావంట. ఇంట్లో ఏవన్నా గొడవలా?" అన్నాడు. ఊరికే చూడటానికి భాయ్ అంటే, "చూసేదానికా? ఈ మాట నేను మా ఇంట్లో అంటే నన్ను దర్గాకి తీసకపోయి తాయెత్తు కట్టిస్తారు" అన్నాడు.

టిక్కెట్లు తీసుకున్నాక అసలు దెబ్బ పడింది. ఆపరేషన్ థియేటర్లో మనుషులు తక్కువయ్యారని చిట్టి సెలవు రద్దు చేశారు. ముదీర్ "ఖలాస్" అన్నాడంటే ఇక ఆ మాటకి తిరుగులేదు. నేనూ మానేస్తానన్నాను. చిట్టి గది తలుపు వేసి, మంచం మీద నా ఎదురుగా కూర్చుని, "నువ్వు వెళ్ళాలక్కా. నాకోసం వెళ్ళాలి" అంది.

సంగతేమిటంటే, అప్పట్లో మాకూ ఇంటికీ మధ్య ఉత్తరాల బదులు నడిచేవి మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు. చిట్టి వాళ్ళమ్మ క్యాసెట్టుకి రెండు వైపులా మాట్లాడితే, చోటు చాలక చివరి మాట సగంలో తెగిపోయేది. అలాంటిది ఏడాదిగా ఒకవైపు కూడా నిండటం లేదట. ఏదో చెప్పబోతుందట, దగ్గుతుందట, గొంతు సవరించుకుంటుందట, ఆ తర్వాత వానల గురించి మాట్లాడి ఆపేస్తుందట. "మా అమ్మకి ఏదో పెద్ద జబ్బు. నా దగ్గర దాస్తున్నారు. నువ్వు నర్సువి. కళ్ళారా చూసి నాకు నిజం చెప్పు" అంది. సరేనన్నాను. గల్ఫులో ఉన్నవాళ్ళకి ఇంటినుంచి చెడ్డ కబురు రాదు. రాలేనివాళ్ళకి చెప్పి ఏడిపించడమెందుకని అందరూ దాచేవారు. మా తాతయ్య పోయిన సంగతి నాకు తెలిసేసరికి ఆయన జ్ఞాపకార్థ కూడిక కూడా అయిపోయింది. పైగా చిట్టి సంగతి నాకు తెలుసు. తండ్రి లేడు. అక్కకి సంసారం ఉంది. తనే ఇక్కడినుంచి వెళ్ళాక అమ్మ దగ్గర ఉండిపోవాలని, అబుదాబిలో ఒక ఎలక్ట్రీషియన్ పెళ్ళి చేసుకుందామని ఏళ్ళ తరబడి అడుగుతున్నా ఊఁ అనకుండా వాయిదా వేస్తోంది. ఆ తల్లికే ఏమన్నా అయితే ఈ పిల్ల ఏమైపోతుంది అనిపించింది. పెట్టెలో చీరల మధ్య స్టెతస్కోపు, థర్మామీటరు, పాదరసం బీపీ మిషను సర్దుకుని విహారయాత్రకి బయల్దేరాను.

మనీలాలో నన్ను తీసుకెళ్ళడానికి ఒక బండి నిండా జనం వచ్చారు. అది జీపుకి బస్సుకి పుట్టినట్టుంటుంది. ముందు వెండి గుర్రం, లోపల మేరీమాత, కిటికీలకి పూసల తోరణాలు. చిట్టి అక్క, ఆవిడ పిల్లలు, పక్కింటివాళ్ళు, ఆ పక్కింటివాళ్ళు. అమ్మగారేరి అని అడిగాను. "చర్చికి వెళ్ళింది" అంది అక్క, నా కళ్ళలోకి చూడకుండా. బండి నడిపే పెద్దమనిషిని మాత్రం ముందుకు తోసి "ఈయన అంకుల్" అని చెప్పారు. మనవైపు బాబాయ్ అన్నట్టే అక్కడ ఎవరైనా అంకులే. గుండ్రటి మొహం, నూనె రాసి దువ్విన జుట్టు, బండి ఆగినప్పుడల్లా జేబులోంచి దువ్వెన తీసి మళ్ళీ దువ్వేవాడు. దారంతా నన్ను చిట్టి గురించే అడిగాడు. ఆ అమ్మాయికి కోపం ఎక్కువా? కోపం వస్తే ఎంతసేపుంటుంది? వింత ప్రశ్నలు అనుకున్నాను.

మర్నాటినుంచి మొదలైంది యాత్ర. నేను చిట్టి వాళ్ళమ్మను చూడాలంటాను, వాళ్ళు నన్ను జలపాతానికి తీసుకెళ్తారు. సన్నటి పడవలో కూర్చోబెట్టి, ఇద్దరు మనుషులు రాళ్ళ మీంచి గెంతుతూ దాన్ని ఏటికి ఎదురు లాక్కుపోతుంటే, కట్టుకున్న చీర నీళ్ళలో నానుతుంటే, నేను కళ్ళు పెద్దవి చేసి చూస్తూ ఉండిపోయాను. మర్నాడు అమ్మగారు చెల్లెలి ఇంటికెళ్ళారన్నారు. నన్ను వేడినీళ్ళ బుగ్గలకి తీసుకెళ్ళారు. ఇంకోరోజు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారన్నారు. నాకు చెక్క చెప్పులు చెక్కే ఊరు చూపించారు. మధ్యమధ్యలో చింతకాయ పులుపు వేసిన చేపల పులుసు పెట్టారు. (కారం మరచిపోయారేమో అనుకుని మొదటిరోజు మొహమాటపడి అడగలేదు. తర్వాత తెలిసింది, వాళ్ళ పులుసులో కారం ఉండదని.) ఇంత ఆదరించే జనాన్ని నేనెక్కడా చూడలేదు. కానీ ఆ ఆదరణలో ఏదో తొందర ఉంది. పొద్దున్నే లేపడం, బండెక్కించడం, చీకటి పడ్డాక దించడం.

అప్పటికి నా నర్సు బుర్ర తన పని తాను చేసుకుపోతోంది. దగ్గు, సరే. మనిషిని బయటివాళ్ళకి చూపించడం లేదు, అంటే అంటుకునే జబ్బు. టీబీ అని మొదటిరోజే తేల్చేశాను. పళ్ళ డాక్టరు అనగానే దవడకి సంబంధించింది ఇంకేదో కూడా కలిపాను. అక్కా అంకులూ వంటింట్లో గుసగుసలాడి నన్ను చూసి ఆపేస్తే, ఆఖరి దశ అనుకున్నాను. ఒక మధ్యాహ్నం అక్క తెల్లటి బట్ట కుడుతూ, నేను వెళ్ళగానే గబగబా మడిచి బీరువాలో పెట్టేసింది. అది శవానికి తొడిగే బట్టే. ముందే కుట్టి పెట్టుకుంటున్నారన్నమాట. పెరట్లో ఒక పందిని ప్రత్యేకంగా మేపుతున్నారు. ఎందుకని పిల్లల్ని అడిగితే "విందుకి" అన్నారు. ఏం విందు అంటే నోటి మీద వేలేసుకుని పారిపోయారు. ఆ రోజు చేపలపులుసు గిన్నె పక్కకి నెట్టేశాను. ఈ కబురు చిట్టికి ఏ నోటితో చెప్పాలా అని ఇంగ్లీషులో మాటలు కూర్చుకుంటూ కూర్చున్నాను.

ఈలోగా నా దగ్గర బీపీ మిషను ఉందని వీధంతా పాకింది. సౌదీ నుంచి నర్సు వచ్చిందన్నారట. (మనవాళ్ళకి గల్ఫంతా దుబాయ్ అయినట్టు వాళ్ళకి గల్ఫంతా సౌదీ.) ఆదివారం చర్చి వదలగానే అక్కగారి అరుగు మీద వరస కట్టారు. ఒక్కొక్కరికీ పట్టీ చుట్టి చూసి పంపుతున్నాను. వరసలో అంకుల్ వచ్చాడు, జుట్టు దువ్వుకుని. పట్టీ బిగించి, పాదరసం దిగుతుండగా ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"అంకుల్, నిజం చెప్పండి. చిట్టి వాళ్ళమ్మకి ఏం జబ్బు?"

మళ్ళీ గాలి కొట్టి చూస్తే పాదరసం నేను చూడకూడనంత పైన ఉంది.

"ఆమెకి ఏ జబ్బూ లేదు."

"లేకపోతే నా దగ్గర ఎందుకు దాస్తున్నారు? నేను ఆ అమ్మాయికి ఏం చెప్పాలి?"

ఆయన అక్క వైపు చూశాడు. అక్క ఇంట్లోకి వెళ్ళి, వెనకవీధి వైపు తలుపు తీసింది. చిట్టిని అచ్చు గుద్దినట్టున్న ఒకావిడ వచ్చి, చక్కగా వరస తప్పించుకుని నా ముందు కూర్చుని చెయ్యి చాపింది. నల్లగా రంగేసిన జుట్టు, కొత్తగా కట్టించుకున్న పళ్ళు. "వెనక వీధిలోనే ఉన్నానమ్మాయీ. రోజూ నువ్వు బండెక్కడం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను" అంది. బీపీ చూశాను. స్టెతస్కోపు పెట్టి దగ్గమన్నాను. ఊపిరితిత్తులు నాకంటే బాగున్నాయి. మరి క్యాసెట్లో దగ్గేమిటమ్మా అన్నాను.

"చెప్పాలనుకున్నప్పుడల్లా గొంతుకి ఏదో అడ్డం పడేది" అంది. తర్వాత అంకుల్ వైపు చూసి, తల దించుకుని చెప్పింది. "ఈయన నన్ను పెళ్ళి చేసుకుంటానంటున్నాడు. నాకూ ఇష్టమే. నా చిన్నదొస్తే ఎదురుగా కూర్చోబెట్టి చెప్దామనుకున్నాం. అది రాలేదు, నువ్వొచ్చావు. నేను ఒంటరిదాన్నని అక్కడ నా కూతురు పెళ్ళి మానుకుని కూర్చుంది. నేను ఇక్కడ తెల్లగౌను కుట్టించుకుంటున్నాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను? అది వద్దంటే నేను చేసుకోను. నువ్వే అడిగి కబురు పంపు."

యాభై దాటిన మనిషి, ఈ వయసులోనా అనుకున్నాను. టీబీ కానందుకు సంతోషించాల్సింది పోయి, ఎందుకో కాసేపు మొహం మాడ్చుకున్నాను కూడా.

ఆఖరిరోజు నా కొండకి తీసుకెళ్ళారు. ఆవిడ అంకుల్ పక్కన ముందు సీట్లో కూర్చుంది. అది కనపడే ఎదుటి గట్టు పైకెళ్ళేసరికి మబ్బు దిగి చెరువూ లేదు, కొండా లేదు, తెల్లగా గోడ కట్టినట్టుంది. వాన మొదలైంది. నేను గట్టుమీద నిలబడి, మబ్బు విడుతుందేమోనని అటు చూసి, ఇటు తిరిగితే, వాళ్ళిద్దరూ ఒకే గొడుగు కింద ఉన్నారు. ఆయన పనసతొనలు ఒలిచి గింజ తీసి ఆవిడకిస్తున్నాడు. ఆవిడ కొత్త పళ్ళతో జాగ్రత్తగా కొరుకుతోంది. నేను మళ్ళీ కొండ వైపు తిరగలేదు.

అల్ ఐన్‌లో దిగేసరికి హాస్టల్ మెట్లమీదే చిట్టి కూర్చుని ఉంది. పెట్టె కూడా దించనివ్వలేదు. "నిజం చెప్పు" అంది. విమానంలో కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "బీపీ బాగుంది. ఊపిరితిత్తులు బాగున్నాయి. నువ్వు ఒప్పుకుంటే పెళ్ళి చేసుకుంటుంది" అన్నాను. ఎవరిని, ఎలాంటివాడు, అన్నీ చెప్పాను. చిట్టి నవ్వలేదు, ఏడవలేదు. "నిన్ను కొండ చూసి, మా అమ్మను చూసి రమ్మన్నాను. కొండ చూడలేదు, మా అమ్మకి మొగుణ్ణి చూసొచ్చావు" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు నాతో అవసరమైతేనే మాట్లాడింది. డ్యూటీలు మార్చుకుని మరీ తప్పించుకు తిరిగింది. అక్కడ ఒక తెల్లగౌను బీరువాలో ఎదురుచూస్తోందనీ, ఈ పిల్ల ఒక్కమాట అనకపోతే అది అలాగే ఉండిపోతుందనీ నాకు బెంగగా ఉండేది. పోనీ అడుగుదామంటే భయం.

ఒక శుక్రవారం మధ్యాహ్నం టేప్‌రికార్డరు పట్టుకుని నన్ను గదిలోంచి బయటికి పొమ్మంది. నేను నడవాలోనే నిలబడ్డాను. (నా జబ్బు మీకు తెలుసు. అయినా ఆ భాష నాకు ముక్క అర్థం కాలేదు.) వాచిన కళ్ళతో తలుపు తీసి, "అక్కా, ఆ బండిలో మా అమ్మ ఎక్కడ కూర్చుంది? ముందా, వెనకా?" అని అడిగింది.

"ముందే. ఆయన పక్కన."

"మా నాన్న ఉన్నప్పుడు ఎప్పుడూ వెనకాలే, మమ్మల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ముందు కూర్చుంటే ఊరంతా చూడొచ్చు కదా అని ఆశపడేది" అంది. క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టి, "చేసుకోమని చెప్పేశాను" అంది. నేనూ ఏడ్చాను. ఎందుకో నాకే తెలియదు.

ఆ పందికి ఆయుష్షు తీరింది. ఆ మరుసటేడు అబుదాబి ఎలక్ట్రీషియన్‌కీ రోజులు కలిసొచ్చాయి. నేను మాత్రం చాలాకాలం ఈ కథ చెప్పినప్పుడల్లా 'ఆవిడ యాభై దాటిన ముసలావిడ' అనే మొదలుపెట్టేదాన్ని, నవ్వించడానికి. మొన్న మనవరాలికి చెబుతూ ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఆవిడ అప్పటి వయసు దాటి నాకే ఏళ్ళయింది. ఆ వయసులో నేను స్కూటరు నేర్చుకున్నాను, చెవులు మళ్ళీ కుట్టించుకున్నాను, మా ఆయన మీద అలిగి రెండు పూటలు మాట్లాడ్డం మానేశాను. ఆస్పత్రిలో అన్నేళ్ళు పనిచేసి, మనిషి కనపడకపోతే జబ్బే అనుకున్న ఆ నర్సుపిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. సంతోషాన్ని కూడా మనుషులు భయపడి దాచుకుంటారని దానికప్పటికి తెలియదు, ఆ గొడుగు కింద నిలబడ్డావిడ ముసలిది కాదనీ తెలియదు.