గోడ మీది నీళ్లు ఎవరివి?

ఆ రోజుల్లో మా గౌలిపురలో నీళ్ల కోసం కొట్లాట కొత్త కాదు. బిందె ముందు పెట్టారనో, చేద బావిలో పడేశారనో రోజూ ఏదో ఒక లొల్లి ఉండేది. కానీ ఆకాశం నుంచి ఊరికే పడే వాన నీళ్లు మాకే కావాలని రెండిళ్లవాళ్లు పట్టుబట్టడం మాత్రం మా అత్తగారింటి పెరటి గోడ దగ్గరే చూశాను. అప్పటికి నేను కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. పాలమ్ముకునే ఇల్లు, తెల్లవారకముందే మొదలైన పని పొద్దుగూకినా తెమిలేది కాదు. నాతో నవ్వే మనిషి గోడకు అవతల ఉండేది. శేర్వానీలు కుట్టే తాత కోడలు, నా ఈడుదే, నాలాగే కొత్త. (ఆ తాత వల్ల ఆయన భార్యను మొహల్లా అంతా శేర్వానమ్మ అనేది. ఆమె జన్మలో సూది పట్టలేదు.) నేను ఆ గోడకు పిడకలు కొట్టే వేళకే ఆ పిల్లకు మల్లెమొగ్గలు కోసే పని పడేది. వదినె అంటే వదినె అని పిలుచుకుంటూ, అత్తలకు వినపడకుండా నవ్వుకునేవాళ్లం. ఆ కాస్త నవ్వు లేకపోతే నేను ఎప్పుడో పుట్టింటికి పారిపోయేదాన్ని.

ఆ గోడ మట్టిది. ప్రతి వానకూ పైన కొంత కరిగేది. వానలు రాకముందే దాని మీద షాబాదు బండలు కప్పిద్దామని రెండిళ్ల పెద్దలూ కలిసే అనుకున్నారు. మేస్త్రీ వచ్చి, బెల్లం నీళ్లు పోసి సున్నం కలిపి, మొదటి బండ ఎత్తి, వాటం ఎటు పెట్టాలని అడిగాడు. (వాటమంటే వాలు. ఆ మాట రాయడం నాకు మనవరాలు పలక పట్టించాక వచ్చింది గానీ, దాని బలం ఆ రోజే తెలిసింది.) అదే కొంప ముంచింది. పరాయి జాగాలో నీళ్లు వదలకూడదు కనుక, గోడ కట్టినవాడు తన వైపే వాటం పెట్టుకోవడం ఆనవాయితీ. అంటే నీళ్లు ఎటు జారితే గోడ వాళ్లదన్నమాట. మా అత్త మా వైపు చెయ్యి చూపింది. శేర్వానమ్మ వాళ్ల వైపు చూపింది. తర్వాత వాళ్ల వాళ్ల మామలను పైలోకాల నుంచి సాక్ష్యానికి పిలిచారు.

"గోడకు నోరుంటె అదే చెప్తుండె," అన్నాడు మేస్త్రీ. "ఎటు వంచమంటె అటు వంచుత. మీ లొల్లి అయ్యేదాంక సున్నం ఆగదు మరి."

మర్నాడు శేర్వానమ్మ ఇంటిల్లిపాదీ పెళ్లికి పోయారు. మా అత్త మేస్త్రీని పిలిపించి, పొద్దుగూకేలోగా బండలన్నీ మా వైపుకే వంచి వేయించింది. తిరిగొచ్చిన శేర్వానమ్మ గోడను ఒకసారి చూసి, ఇక కోడలు అటు కన్నెత్తి చూడకూడదని చెప్పింది. మా అత్త నాకూ అదే చెప్పింది. పిడకలు వీధి గోడకు కొట్టమంది. వీధి గోడతో ఏం మాట్లాడతాం?

రెండు రోజులకు వాన వచ్చింది. గోడ మీది నీళ్లన్నీ ధారలు కట్టి మా గడ్డి మోపుల మీద, పిడకల మీద, బర్రె కాళ్ల కింద పడ్డాయి. మా మామ మోపులు లాగుతుంటే, అత్త గోనెసంచి నెత్తిన కప్పుకుని నిలబడి, "పడనీ, మన నీల్లే గద," అంది. అవతల నుంచి శేర్వానమ్మ తన భర్తతో చెబుతున్నట్టు మాకు చెప్పింది: "గోడ వాళ్లదే, వాన గూడ వాళ్లదే. మనకెందుకు ఫికర్?"

ఆ సాయంత్రం బురదలో నిలబడి చిరాకుపడ్డ బర్రె పాలు చేపలేదు. తవుడు పెట్టినా, దూడను వదిలినా, పొదుగు కడిగి బతిమాలినా చుక్క రాలలేదు. తెల్లారి కూడా అంతే. గోడ కోసం ప్రాణమిస్తానన్న మా అత్త పాల దగ్గర మాత్రం ఓడిపోయింది. గంప బోర్లించి దాని మీదికెక్కి గోడ అవతలికి తొంగిచూసింది.

"అక్కా, సగం నీల్లు నువ్వు తీస్కో."

"సగం నీల్లిస్తె సగం గోడ ఇచ్చినట్టే గదా?"

మా అత్త వెనక్కి తిరిగి బర్రెను చూసింది. గంప కిర్రుమంది. నేను పేడ చేతులతోనే వచ్చి గంప పట్టుకున్నాను.

"ఇచ్చిన తియ్," అంది చివరకు.

సున్నం ఇంకా పచ్చిగానే ఉంది కనుక బండలు పగలకుండా లేచొచ్చాయి. ఈసారి నడుమ వెన్నులా ఎత్తు పెట్టి, రెండు పక్కలకూ వంచి వేయాలన్నారు. అయినా నమ్మకమేది? మేస్త్రీ అటు ఎక్కువ వంచుతాడేమో చూస్తూ ఉండమని మా అత్త నన్ను గోడ దగ్గర నిలబెట్టింది. ఇటు ఎక్కువ వంచుతాడేమో చూడమని శేర్వానమ్మ తన కోడల్ని నిలబెట్టింది. పొద్దంతా, కదలకుండా, ఎదురెదురుగా! పని అయ్యాక పరీక్ష కోసం ఆ పిల్ల గోడ వెన్ను మీద చెంబుతో నీళ్లు పోసింది. చూసి చెప్పమని రెండు వైపుల నుంచీ కేకలు. సరిసమానంగా పోయాయని ఇద్దరం ఒక్క గొంతుతో చెప్పాం.

నిజానికి ఎటు ఎన్ని పోయాయో మేం చూడనే లేదు. నవ్వుతో కళ్లు మూసుకుపోయాయి. ఇంత వయసొచ్చాక కూడా చినుకులు పడుతుంటే, బుగ్గకు సున్నం అంటించుకుని నవ్వు ఆపుకుని చాలా గంభీరంగా తీర్పు చెప్పిన, గోడవతలి ఆ పదిహేనేళ్ల పిల్ల గుర్తొస్తుంది. ముద్దొస్తుంది.