సీసా పోశాక తగ్గిన చప్పుడు

డ్రైవింగ్ మాస్టారికి లోకంలో మూడింటి మీదే గురి. ఒకటి తన చెయ్యి, రెండు తన కారు, మూడు బావమరిది దుకాణంలో అమ్మే సీసా. భార్య మాట ఈ లెక్కలోకి రాదు. ఆవిడకు డ్రైవింగ్ రాదు మరి.

ఆ కారు వయసు అడగడం మర్యాద కాదు. తిరిగిన కిలోమీటర్లు చెప్పాల్సిన మీటరు కూడా ఎప్పుడో మొహమాటపడి ఆగిపోయింది. ఊళ్ళో స్టీరింగ్ పట్టినవాళ్ళలో సగంమంది దాని క్లచ్ తొక్కి, గేర్లు కరకరలాడించి నేర్చుకున్నవాళ్ళే. ఇంతమంది చేతుల్లో పడ్డాక ఇంజన్ అరగక ఏం చేస్తుంది? స్టార్ట్ చేస్తే ముందు టకటకమని వాల్వుల మోత, వెనక నీలంపొగ. ఆయిల్ పోయడం ఆలస్యం, తాగేసేది.

"ఇంజన్ దింపి విప్పాలి మాస్టారూ, బండి కొన్నాళ్ళు నా దగ్గర వదిలేయండి" అన్నాడు మెకానిక్. తననే విప్పి బల్లమీద పరుస్తానన్నంత కోపం వచ్చింది మాస్టారికి.

స్పేర్ పార్టుల దుకాణం పెట్టుకున్న బావమరిది ఆదుకున్నాడు. "మెకానిక్ అన్నాక విప్పుతాననే అంటాడు బావా, లేకపోతే వాడికి పొద్దెట్లా పోతుంది? ఆయిల్‌లో ఇది కలిపి చూడు." సీసాలో చిక్కటి, బంగారు రంగు ద్రవం. లేబుల్ మీద పరిగెత్తే గుర్రం, దాని కింద ముసలి ఇంజన్లకు నవయవ్వనం ఇస్తామన్న హామీ. మనుషులకు ఇలాంటి హామీ ఇస్తే ఎవరో ఒకరు వెళ్ళి కేసు పెడతారు. ఇంజన్లకు ఆ సౌకర్యం లేదు.

నిజం చెప్పాలంటే మొదటి సీసాకు పొగ కాస్త పలచబడింది. ఆయిల్ చిక్కబడితే ఆ మాత్రం జరుగుతుంది. మాస్టారు మాత్రం అక్కడితో ఆగే మనిషి కాదు. ఆయిల్ మార్చినప్పుడల్లా ఒక సీసా, తర్వాత ఆయిల్ తగ్గినప్పుడల్లా ఒక సీసా. చిత్రంగా, మోత నెలనెలా తగ్గుతూ వచ్చింది. చివరికి ఓ మంచిరోజున టకటక పూర్తిగా ఆగిపోయింది. మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బానెట్ మీద చెయ్యి వేసి, నిద్రపోతున్న పసిపాపను నిమిరినట్టు నిమిరారు.

ఇక ఆయన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. కనపడినవాడినల్లా ఆపి సీసా మహిమ చెప్పేవారు. అవతలివాడు ఏం జవాబిస్తున్నాడో పట్టించుకునేవారు కాదు. బావమరిది కొత్త బేరం వస్తే చాలు, "మా బావనే అడగండి" అనేవాడు. జీతంలేని ప్రచారకుడు ఇంట్లోనే దొరికితే ఎవరు మాత్రం వదులుకుంటారు?

అదే కాలంలో ఇంట్లోనూ శాంతి నెలకొంది. గోడగడియారం టిక్కుటిక్కు మానేసింది, ముళ్ళు మాత్రం తిరుగుతూనే ఉండేవి. ఫ్యాన్ కీచుమనడం మానేసింది. అన్నిటికీ మించి భార్య సణగడం మానేసింది. ఇన్నేళ్ళ కాపురం తర్వాత మనిషి దారికొచ్చిందని మాస్టారు లోలోపల మురిసిపోయారు.

అంతలో ఒక నర్సమ్మ డ్రైవింగ్ నేర్చుకోవడానికి వచ్చింది. ఒకరోజు కూడలి దగ్గర "కుడికి తిప్పమ్మా" అన్నారు మాస్టారు. ఆమె తిప్పలేదు, గట్టిగా బ్రేకు తొక్కింది. మరుక్షణం ఒక బస్సు కుడివైపు నుంచి అద్దాన్ని రాసుకుంటూ దూసుకుపోయింది. మాస్టారికి నోరు లేచింది. "హారన్ కొట్టకుండా ఎట్లా వస్తాడు వాడు?"

నర్సమ్మ ఆయనవైపు తిరిగింది. "వీధి మొదటి నుంచి కొడుతూనే ఉన్నాడు మాస్టారూ."

కారు ఇంటి ముందు ఆపి ఆమె లోపలికి వెళ్ళింది, మాస్టారి భార్యతో మాట్లాడింది. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఏనాడూ ఎక్కని ముందుసీట్లో కూర్చుంది. "స్టార్ట్ చేయండి" అంది, గట్టిగా. చేశారు. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది మోత. సీటు కింద నుంచి వీపుదాకా అదిరింది.

"చూశావా, పట్టుబట్ట జారినట్టు లేదూ?" అన్నారు మాస్టారు గర్వంగా.

ఆవిడకు నవ్వు రాలేదు. కిందికి దిగి, మాస్టారిని నేరుగా చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. సన్నటి చప్పుళ్ళన్నీ ముందుగా పోతాయట, చాలాకాలంగా పోతూనే ఉన్నాయట. ఇంజన్‌లో పోసిన మందు చెవిలో పనిచేయడం వైద్యశాస్త్రంలో ఎక్కడా లేదని డాక్టరు చెప్పాడు. చెవి వెనక పెట్టుకునే మిషను ఇచ్చాడు. అది లేకుండా బండెక్కొద్దన్నాడు. పెట్టుకున్నా, తను మళ్ళీ పరీక్ష చేసి చెప్పేదాకా స్టీరింగ్ ముట్టొద్దన్నాడు. మాస్టారు మిషను జేబులో పెట్టుకున్నారు, రెండో మాట విననట్టు ఊరుకున్నారు. ఆ సౌకర్యం ఇంకా ఉంది మరి.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా మిషను తగిలించుకుని కారు దగ్గరికి వెళ్ళి తాళం తిప్పారు. టకటక మొదలైంది. పాతదే, ఇంకా ముదిరింది. ఇన్ని సీసాలు తాగి, ఇన్నాళ్ళూ అరుస్తూనే ఉంది పాపం. మాస్టారు ఇంజన్ ఆపేశారు. సిగ్గేసింది. అయినా పాఠానికి పిల్లలు ఎదురుచూస్తుంటారు, ఈ ఒక్కరోజుకు ఏం కాదులే అనుకుని పర్సు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళారు.

భార్య అటు తిరిగి గిన్నెలు కడుగుతోంది. వెనక అడుగుల చప్పుడు విని, తల తిప్పకుండానే, తనకు అలవాటైన చిన్న గొంతుతో మొదలుపెట్టింది.

"వెళ్ళండి, వెళ్ళండి. మీరు గేటు దాటిన దగ్గర్నుంచీ తిరిగొచ్చేదాకా నా ప్రాణం నా దగ్గరుండదు. ఏ పూట ఎవరొచ్చి ఏం చెబుతారోనని వీధివైపు చూస్తూ కూర్చుంటా. మీకేం, మీ బండి బాగుంది."

ఆవిడ సణగడం మానలేదన్నమాట.

"ఎన్నాళ్ళ నుంచి అంటున్నావే ఈ మాట?"

చేతిలో గిన్నె జారింది. ఆవిడ తిరిగి, ఆయన చెవి వెనకున్న మిషను చూసింది.

"రోజూ అంటూనే ఉన్నానండీ."

గిన్నె నేలమీద గిరగిరా తిరిగి ఆగేదాకా మాస్టారు విన్నారు. తర్వాత జేబులోంచి కారు తాళంచెవి తీసి, తడిగా ఉన్న ఆవిడ చేతిలో పెట్టారు.