తాతయ్య చెవికి పళ్ళూడిన రోజు

నా మొదటి ఉద్యోగం తాతయ్యకు చెవిగా ఉండటం. అప్పుడు నేను రెండో తరగతి.

మా అమ్మ వాళ్ళ నాన్న లారీల మెకానిక్. బతుకంతా ఇంజన్ల రొదలో గడిపి, చివరికి ఆ రొదే వినబడని స్థితికి వచ్చాడు. "ఈ సంగతి బయటికి పొక్కిందంటే షెడ్డు ముందు ఒక్క బండి ఆగదు నాన్నా. హాయిగా ఇంట్లో కూర్చోకూడదూ?" అనేది అమ్మ. ఇంట్లో కూర్చోవడమంటే ఆయనకు ప్రాణం పోయినట్టే. ఆ మాట నిజంగానే వినబడనట్టు గోడకేసి చూసేవాడు.

అందుకని ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొస ఇంజన్‌కు ఆనించి, పిడి నా చెవికి పెట్టేవాడు. లోపల ఏ చప్పుడు వినబడితే దాన్ని నేను గొంతెత్తకుండా నోటితో ఆడించి చూపాలి. పళ్ళు బిగిస్తే 'చుస్‌చుస్', అంటే పైన ఎక్కడో సందులోంచి గాలి బయటికి తన్నుతోందని. నాలుక కనబడితే 'దడదడ', అంటే కింద బేరింగ్ పోయిందని. దారినపోయేవాళ్ళకు మాత్రం నేను తాతను వెక్కిరిస్తున్నట్టు ఉండేది. ఒకావిడ ఆగి మరీ చీవాట్లు పెట్టింది.

అంతా సవ్యంగా సాగుతుండగా నా ముందు పళ్ళు ఊడాయి. పైవి రెండు, కిందవి రెండు.

ఆ వారంలోనే ఇసుక లారీ డ్రైవర్ వచ్చాడు. అతనికన్నా ముందు అతని మీసం షెడ్డులోకి వచ్చేది. "సౌండ్ తేడాగా ఉంది మేస్త్రీ, చూసి పెట్టు," అని టీకి పోయాడు.

నేను విన్నాను. శుభ్రమైన చుస్‌చుస్. పళ్ళు బిగించాను. బిగించడానికి పళ్ళేవి? సందులోంచి నాలుక తొంగిచూసింది. తాతయ్య తల పంకించి, బండి కింద దూరి, ఆయిలంతా దించి ఇంజన్ అడుగు చాంబర్ విప్పడం మొదలుపెట్టాడు. నేను చొక్కా పట్టుకుని లాగుతుంటే, "ఉండవే అమ్మడూ, ఆకలేస్తోందా?" అన్నాడు.

డ్రైవర్ తిరిగొచ్చి గుడ్లు తేలేశాడు. "ఇదేంటి మేస్త్రీ! పైన పాములా బుసకొడుతుంటే కింద విప్పుకుని కూర్చున్నావు? చెవులు ఇంట్లో పెట్టొచ్చావా?"

తాతయ్యకు మాటలు అందలేదు గానీ కోపం అందింది. నా వంక చూశాడు. నేను భోరుమని నోరు తెరిచాను. ఆ నాలుగు ఖాళీలు అప్పుడు కనబడ్డాయి ఆయనకు.

"ఏం చెయ్యమంటావు బాబూ," అన్నాడు నెమ్మదిగా. "నా చెవికి పళ్ళూడాయి."

డ్రైవర్ ఆయన్నీ, నన్నూ, స్క్రూడ్రైవర్‌నీ మార్చి మార్చి చూశాడు. గుట్టు రట్టయింది, ఇక షెడ్డు మూతే అనుకున్నాను. అతను రెండు చేతులతో మీసం పైకెత్తి పట్టుకుని, తాతయ్య మొహంలో మొహం పెట్టి, "చుస్సూ! చుస్సూ!" అన్నాడు.

"ఆ, అలా చెప్పు మరి!" అంటూ తాతయ్య మొహం తుడుచుకుని పైన పనికి దిగాడు.

బండ్లు ఆగిపోలేదు. డ్రైవర్లు తమ ఇంజన్ల ఏడుపు తామే ఏడ్చి చూపించేవారు. నా ఉద్యోగం ఊడిందని నేను మూతి ముడిచాను. కానీ తాతయ్య అందరి నోళ్ళూ చూసి, చివర్లో స్క్రూడ్రైవర్ నా చెవికే పెట్టేవాడు. "అతను చెప్పాడులే. నువ్వేమంటావు?"

మొన్న నా స్కూటర్ చుస్సుమంటుంటే సర్వీసింగ్‌కు తీసుకెళ్ళాను. "ప్రాబ్లమ్ ఏంటి ఆంటీ?" అన్నాడు కుర్రాడు. ఏ లోకంలో ఉన్నానో, పెదవి విప్పి, పళ్ళు బిగించి, చప్పుడు లేకుండా ఆడించి చూపాను.

"అయ్యో, పన్ను నొప్పా ఆంటీ?" అన్నాడు పాపం.

బండి మాత్రం బాగా చేసిచ్చాడు. ఇంటికొచ్చే దారిలో ఓ పక్కన ఆపి, వంగి, చెవి పెట్టి విన్నాను. ఎంత వెతికినా, తాతయ్యకు చూపించడానికి ఒక్క చిన్న చుస్సయినా మిగల్చలేదు వాడు.