మావాడు ఏ వర్గం?

ఆ రోజుల్లో కర్నూలువాడు హైదరాబాదు బస్సులో కూర్చుని తన ఊరి పేరు చెబితే చాలు, పక్కవాడు కాస్త జరిగి చోటిచ్చేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఏ సినిమా చూసినా సుమోలు గాల్లోకి లేస్తున్నాయి. మా సీమలో జనం పొద్దున్నే పళ్లు తోముకున్నట్టు తొడలు కొట్టుకుంటారని, రోట్లో కారానికి బదులు మందుగుండు దంచుకుంటారని పై జిల్లాలవాళ్లకు గట్టి నమ్మకం. నాకు దీని మీద మహా కోపం. (ఇప్పటికీ ఉంది. ఆరో తరగతితో బడి మానేసి, గ్రంథాలయంలో బీరువాల వరుసన చదువుకున్నవాణ్ణి. నా కోపాలన్నీ చదివి సంపాదించుకున్నవి, ఊరికే పోవు.) మమ్మల్ని ఇలా చూపిస్తారా అని పత్రికలకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను, ఒక్కటీ వేయలేదు. అలాంటి నేను, యాభై దాటాక, తెల్ల పంచె కట్టి, మీసం మెలేసి, మాజీ ఫ్యాక్షనిస్టునని కెమెరా ముందు కూర్చున్నానంటే మీరు నమ్మరు. ఏం చేస్తాం, కొందరికి కుర్రతనం ఆలస్యంగా వస్తుంది. తట్టు, అమ్మవారు లాగే అదీ పెద్దతనంలో వస్తే గట్టిగా వస్తుంది.

దీనికంతా కారణం మా అక్క కొడుకు. ఇంట్లో వాణ్ణి బుడ్డోడనేవాళ్లం. మా బావకు మార్కెట్ యార్డులో ఎర్రగడ్డల మండీ ఉండేది (మీ ఊళ్లో ఉల్లిపాయలంటారేమో), అందులో నేను గుమాస్తాను. బుడ్డోడు మీసం రాకముందు నుంచే రైతుల కుప్పల ముందు నిలబడి వేలం ధర అరిచేవాడు. మొదలుపెడితే ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో తెలిసేది కాదు. హైదరాబాదులో డిగ్రీ చదవమని పంపితే, చదువు సంగతి దేవుడెరుగు, ర్యాప్ నేర్చుకొని వచ్చాడు. ఎర్రగడ్డల మీద, కల్లూరులో నీళ్ల ట్యాంకరు కాడ జరిగే కొట్లాట మీద పాటలు కట్టాడు. ముందే చెబుతున్నా, వాడు బాగా పాడేవాడు. దేన్నీ మెచ్చుకోని నేను కూడా తక్కెడ ఆపి విన్నాను.

ఒకరోజు బస్తాల మీద కూర్చుని నాకు ఆ విద్య మర్మం చెప్పాడు. "మామా, ఇది ఉత్త పాట గాదు. అమెరికాలో దీన్ని పాడేటోళ్లు వీధుల్లో కొట్లాడినోళ్లు, జైలుకు పోయొచ్చినోళ్లు. బతికిందే పాడాల. లేకుంటే దొంగ సరుకంటారు."

"అందరూ పోయొచ్చినోళ్లేనా?"

"కొందరు పోకుండానే పోయినామంటారులే. దొరికిపోతే పరువు పాయె."

నాకు తల తిరిగింది. మా దగ్గర జైలుకు పోయొచ్చినవాడు తిరుపతికి పోయొచ్చినానని చెప్పుకుంటాడు. అక్కడ గుడికి పోయొచ్చినవాడు జైలుకని చెప్పుకుంటాడన్నమాట! "మరి నువ్వేం చెప్పినావురా?" అన్నాను అనుమానంగా. వాడు తల గోక్కున్నాడు. "మనది ఫ్యాక్షన్ కుటుంబమని."

జరిగిందేమంటే, హైదరాబాదులో పాటల సీడీలు వేసే ఒక చిన్న కంపెనీవాళ్లు వాడి పాటలు విని, గొంతు బాగుంది, సరుకు బాలేదన్నారు. ఏ ఊరని అడిగితే కర్నూలన్నాడు. ఆ మాటకు అక్కడున్న పెద్దమనిషి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. అంతే, మావాడు నోరు జారాడు. పాడేటప్పుడు తన పేరు 'నాటుబాంబు' అని పెట్టుకున్నాడు. (దీపావళికి పక్కింట్లో లక్ష్మీబాంబు కాలుస్తుంటే మా అక్క కొంగులో తల దూర్చేవాడీ నాటుబాంబు.) ఇప్పుడు వాళ్లు కెమెరాతో వచ్చి ఆ కుటుంబాన్ని కళ్లారా చూస్తారట. నచ్చితే సీడీ వేస్తారు. లేకుంటే మా బావ మాట ఖాయం, వాడు పాట కట్టిపెట్టి మండీలో గల్లాపెట్టె ముందు కూర్చోవాలి, బతికినంతకాలం.

"నీకు మీసముండాది మామా. చేతి మీద అంత పొడుగు గాటు కూడా ఉండాది," అన్నాడు వాడు. ఆ గాటు బస్తాలు లాగే ఇనుప కొక్కెం జారి పడింది. నేను లేచి దులిపేద్దామనుకున్నాను. కానీ వాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అదీగాక, అన్ని ఉత్తరాలు రాసినా పలకని లోకం మొదటిసారి నా మాట వినడానికి కెమెరా పట్టుకుని వస్తోంది. మనిషినే కదా, మెత్తబడ్డాను.

మా బావ చుట్టాల పెళ్లికని ప్రొద్దుటూరు పోయిన రోజు చూసి వాళ్లను రమ్మన్నాం. వచ్చినాయనకు వెనక పిలక, పక్కన కెమెరా మోసే కుర్రవాడు. కారు దిగుతూనే, "ఇది కడపే కదండీ?" అన్నాడు. కర్నూలన్నాను. "అదే లెండి, రెండూ ఒకటే," అన్నాడు. (రెండూ ఒకటేనట! వాళ్ల ఎర్రగడ్డ, మా ఎర్రగడ్డే ఒకటి కాదు!) కోపం మింగి కుర్చీలో కూర్చున్నాను. వేలం ఇంకా మొదలుకాలేదు. హమాలీలు బస్తాలు దించి చూస్తున్నారు, రైతులు తమ కుప్పల పక్కన తువ్వాలలు పరుచుకుని కూర్చున్నారు. పిలకాయన గొంతు తగ్గించి, "మీరు స్వయంగా పాల్గొన్నారా?" అని అడిగాడు. గ్రంథాలయంలో చదివిన డిటెక్టివు నవలలన్నీ ఒక్కసారి నాలుక మీదికొచ్చాయి. "పడమటి పల్లెల దావలో ఒక వంక ఉండాది, మీరు వాగంటారే, అది. వానకాలం. జీపు వంకలో దిగింది. ముందర బండరాయి, ఎనక ముండ్లకంప. ఇంగ యాడికి పోతాది?" అని చెయ్యి చాపి గాటు చూపించాను. వెనక నిలబడి బుడ్డోడు అందుకున్నాడు, "వంకలో దిగిన జీపు, వెనక్కి మళ్లదు చూపు" అని. పిలకాయన ఒళ్లు పులకరించింది. నిజం చెప్పొద్దూ, నాకూ పులకరించింది.

పుస్తకంలో అయితే కథ ఎక్కడ జరిపినా అడిగేవాడుండడు. మా సీమలో అట్లా కుదరదు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరిదో జీపు ఆపని వంక మాకు లేదు. ఏ వంకను తలిచినా దానికి చూసినవాళ్లుంటారు, వాళ్లకు ఎర్రగడ్డల చేను ఉంటుంది, పంట పండితే వాళ్లు మా మండీకే వస్తారు.

తెల్ల రుమాలు చుట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి నా కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఏళ్లుగా వస్తున్న రైతే. ధర తప్ప వేరే మాట మాట్లాడి ఎరగడు.

"ఏమప్పా గుమాస్తా, యా వంక? చింతమాను కాడిదేనా?"

"ఆఁ... అదే," అన్నాను, కెమెరా తిరుగుతోంది కదా అని.

"నువ్వు జీపులో ఉంటివా, బయట ఉంటివా?"

నవలల్లో ఇలాంటివాళ్లు బయటే ఉంటారు కాబట్టి, "బయట," అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. "నేను జీపులో ఉంటినప్పా. మా తమ్ముడు నా పక్కన ఉండె. బయటోళ్లను అందర్నీ జూసినా. నువ్వు లేవే?"

అప్పుడు మధ్యలో ఒక కుప్ప దాటి, ఆ అవతలి కుప్ప దగ్గర్నుంచి, కర్ర ఊతంతో, ఇంకో పెద్దాయన లేచాడు. "ఈయప్ప లేడులే. బయట నేనుంటి. ఈయప్ప ఆ కాలంలో కూడా ఈడ్నే తక్కెడ కాడ ఉండె," అన్నాడు.

ఆ ఇద్దరి కుప్పల మధ్య మా బావ ఎప్పుడూ మూడోవాడి కుప్ప పోయించేవాడు. తూకానికి వీలనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. అసలెందుకన్నది ఆ పూట తెలిసింది. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడటం అదే మొదలు, అదీ నేను ఒట్టి గుమాస్తానని సాక్ష్యం చెప్పడానికి. బుడ్డోడు బస్తాలకు బల్లిలా అతుక్కుపోయాడు. నా మీసం దానంతటదే కిందికి దిగింది.

రుమాలాయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఈ పిల్లోడు దాన్ని పాటగట్టి పాడతాడా? మా ఇంట్లో పిల్లోళ్లకు వాళ్ల చిన్నాయన జరమొచ్చి పోయినాడని చెప్పినాం. తెలిస్తే వాళ్లూ కత్తి పడతారని." కర్ర పట్టుకున్నాయన నేల చూస్తూ అన్నాడు, "మేమూ చెప్పలే. నేను జైల్లో ఉన్నన్నాళ్లూ నాయన యాడికి పోయినాడంటే, బెంగుళూరు పనికి పోయినాడని చెప్పిండాది మా ఇంట్లో."

పిలకాయన ఆనందం చూడాలి! "సూపర్ సార్! ఇదీ ఒరిజినల్ అంటే! ఇద్దరూ పక్కపక్కన నిలబడండి," అంటూ కెమెరా అటు తిప్పించాడు. ఇద్దరు ముసలివాళ్లూ ఒక్కసారిగా తువ్వాలలు మొహాల మీదికి లాక్కున్నారు. అప్పుడు బుడ్డోడు బస్తాలు వదిలి వచ్చి కెమెరా అద్దం మీద అరచెయ్యి పెట్టాడు.

"వద్దన్నా. ఆపు."

"ఏంటి బాబూ, నీ సీడీ ఇదే కదా?"

"ఇది నాది గాదన్నా, వాళ్లది. వాళ్లే చెప్పుకోకుండా దాచిపెట్టుకున్నారు."

"మరి నీదేంటి?"

వాడు చుట్టూ చూశాడు. "ఎర్రగడ్డలు," అన్నాడు.

ఒక హమాలీ నవ్వాపుకోలేకపోయాడు. పిలకాయన, "ఉల్లిపాయల మీద ర్యాప్ ఎవడు వింటాడయ్యా," అంటూ కారెక్కాడు. ఆ రోజు వేలం బుడ్డోడే అరిచాడు. ముందు రుమాలాయన కుప్ప, తర్వాత మధ్యది, తర్వాత కర్ర పట్టుకున్నాయనది. ఊపిరి తీసుకోకుండా, తాళం తప్పకుండా, కళ్లు తుడుచుకుంటూ. (ఎర్రగడ్డల మండీలో ఇదొక సౌకర్యం. ఎంత ఏడ్చినా ఎందుకని ఎవరూ అడగరు.) మా బావ తిరిగొచ్చాక సంగతి విని వాణ్ణి ఒక్క మాట అనలేదు. నన్ను మాత్రం, "నీకు మీసమెందుకు బామ్మర్దీ, బస్తాలు కుట్టేదానికా?" అన్నాడు.

సీడీ రాలేదు. మండీ ఇప్పుడు వాడిదే. వాడి వేలం వినడానికని దూరపు రైతులు కూడా మా మండీకే బండ్లు తోలుకొస్తారు. ఆ రోజు కెమెరా కుర్రవాడు తీసిన ఫోటో ఒకటి తర్వాత పోస్టులో పంపాడు. అందులో నేను చూడ్డానికి నిజంగానే భయంకరంగా ఉన్నాను, పక్కన తక్కెడ పడకుండా ఉంటే ఇంకా భయంకరంగా ఉండేవాణ్ణి.

ఆ ఇద్దరు పెద్దాయనలు కలిసిపోయారని చెప్పను. సినిమాల మీద ఉత్తరాలు రాసినవాణ్ణి, నేనే అట్లా చెబితే బాగుండదు. మధ్యలో మూడోవాడి కుప్ప చివరిదాకా ఉండింది. కాకపోతే, తర్వాత ప్రతి పంటకూ, ఇద్దరిలో ముందొచ్చినవాడు బస్తాలు దించుకుంటూ, నా వైపు చూడకుండానే అడిగేవాడు, "ఆయప్ప వచ్చినాడా?" అని. "వస్తాండాడంటప్పా," అనేవాణ్ణి. సీమ ఫ్యాక్షన్‌లో నేను స్వయంగా పాల్గొన్నది అంతవరకే.