చర్చి వాకిట్లో ముగ్గు

ఈ ఉదయం పాల కోసం కిందికి దిగితే మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య గేటు ముందు ముగ్గు వేస్తోంది. రాత్రి కురిసిన వానకు నేల ఇంకా చెమ్మగా ఉంది. తడిమట్టి వాసన, దాని మీద పొడి ముగ్గుపిండి వాసన. ముగ్గు చూస్తే ఎవరికైనా పండగో, అమ్మో, అక్కో గుర్తొస్తారు. నాకు మాత్రం ఖాకీ నిక్కరు వేసుకుని, మెడలో రుమాలు కట్టుకుని, పొట్ట కాస్త ముందుకొచ్చిన ఒక రైల్వే గుమాస్తా గుర్తొస్తారు. చెబితే నవ్వుతారు. నవ్వాల్సిన కథే ఇది.

ఆయన పేరు నరహరి సారు. పగలంతా సికింద్రాబాద్ రైల్వే ఆఫీసులో పని, సాయంత్రం మా బడి మైదానంలో స్కౌట్లకు పెద్ద. ఆయనకు కాగితం మీద నమ్మకం లేదు. మేం ఏ పని తలపెట్టినా ఒకటే అడిగేవారు, "ఆడ కూసోని చూసినవా?" అని. ఒకసారి క్యాంపులో వంటశాలకు నేను రంగు పెన్సిళ్ళతో బ్రహ్మాండమైన బొమ్మ గీసుకెళ్ళాను. సారు దాన్ని మెచ్చుకుని, మడిచి జేబులో పెట్టుకుని, నేను పొయ్యి పెట్టమన్న చోటే నాలుగు పుల్లలు వెలిగించి, నన్ను గుడారంలో కూర్చోబెట్టారు. పొగంతా తిన్నగా నా ముఖం మీదికే వచ్చింది. "బొమ్మల పొగ గీయలే గద బేటా" అన్నారు తాపీగా. కళ్ళు తుడుచుకుంటూ నేనూ నవ్వేశాను. ఆయన తిట్టేవారు కాదు, కూర్చోబెట్టేవారు.

హైదరాబాదు మీద పోలీసు చర్య ముగిసిన మరుసటి ఏడాది అది. చర్యకు ముందు నెలలన్నీ భయంతోనే గడిచాయి. నాన్న మమ్మల్ని గడప దాటనిచ్చేవాడు కాదు. ఆ తర్వాత బడులు తెరిచారు, రైళ్ళు కూశాయి, మోండా మార్కెట్‌లో మళ్ళీ బేరాలు మొదలయ్యాయి. అయినా ఎవరి వాకిట్లోకి వెళ్ళాలన్నా మనిషి ఒక్క క్షణం ఆగి చూసుకునే రోజులవి. అప్పుడే సారు నన్ను పిలిచి, "సామేలూ, నువ్వు పెద్దోడివైనవ్. ఊరికి పనికొచ్చేది ఒకటి నువ్వే సోంచాయించి కట్టు. నేను పక్కనుంట" అన్నారు.

నాకు ఆలోచించే పనే లేకపోయింది. మా రాతి చర్చిలో ఆదివారం ముందు ఇంగ్లీషు ఆరాధన, అది ముగిశాక మా తెలుగు ఆరాధన. లోపల ఇంగ్లీషు ప్రసంగం సాగినంతసేపూ మా వాళ్ళంతా బయట ఎండలోనో వానలోనో నిలబడాల్సిందే. తెల్లదొరలు చాలామంది వెళ్ళిపోయినా ఆ వరస మారలేదు. మా నానమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆ వానాకాలం మొదట్లో అలా తడిసి జ్వరం తెచ్చుకుని, చర్చికి రావడమే మానేసింది. "దేవుడు ఇంట్ల సుత ఉంటడు తియ్" అనేది. అని, ఆదివారం చర్చి గంట వినగానే గోడ వైపు తిరిగి పడుకునేది. అది నేను చూడలేకపోయేవాణ్ణి. మా నానమ్మ మళ్ళీ చర్చికి రావాలి. నాకు కావలసింది అంతే. దానికి వాకిట్లో ఒక చిన్న షెడ్డు చాలు.

సంఘ పెద్ద జాకబ్ గారు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డు మాస్టారు. పంచె మడత కూడా నలగనివ్వని మనిషి. మేమిద్దరం వెళ్ళి అడిగితే నన్నూ, సారునూ ఎగాదిగా చూశారు. సారు అంతవరకు ఏ చర్చి గేటూ దాటిన మనిషి కాదని ఆయనకు తెలుసు. "కడతారు సరేనండీ. ఏం కడతారో, ఎంత మేర కడతారో నా కళ్ళకు కనపడాలి. ఆదివారం చూపించండి. నాకు నచ్చకపోతే మాత్రం మళ్ళీ ఈ ఊసెత్తకూడదు" అన్నారు. సారు ముఖం వెలిగిపోయింది. కళ్ళకు కనపడాలన్న మనిషి ఆయనకు అన్నాళ్ళకు దొరికాడు.

శనివారం సాయంత్రం వాన తెరిపి ఇచ్చింది. షెడ్డును అసలు కొలతల్లోనే నేల మీద సున్నంతో గీయాలని సారు ఉద్దేశం. సున్నం దుకాణం మూసి ఉంది. సారు ఇంటికెళ్ళి ఒక డబ్బా పట్టుకొచ్చారు. నేను తాడు పట్టుకుంటే ఆయన వంగి, పిడికిట్లోంచి పిండి వదులుతూ గోడలు గీశారు. తలుపుకు ఖాళీ వదిలారు. ఒక్కో మూలకు వచ్చేసరికి ఆయన వేళ్ళు వాటంతటవే తిరిగి చిన్న పువ్వు వేసేశాయి. "మూలకు నిషాని ఉండాలె గదా" అన్నారు. మా క్రైస్తవుల ఇళ్ళలో అప్పట్లో ముగ్గు వేసేవారు కాదు. బొట్టుతోపాటు ముగ్గునూ తాతల నాడే వదిలేశారు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా ఆ సాయంత్రం నాకు అక్కడ ముగ్గు కనపడితే ఒట్టు. నాకు కనపడింది షెడ్డే.

మర్నాడు నానమ్మను బతిమాలి రిక్షాలో తీసుకొచ్చాను. "నువ్వు కూర్చుని చూస్తేగాని సారు ఒప్పుకోరు" అంటే, చూద్దామని వచ్చింది. ఆ గీతల మధ్య పీట వేసి కూర్చోబెట్టాను. లోపల ఇంగ్లీషు ప్రసంగం జరుగుతోంది. మా వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, దూరంగా నిలబడి, గుసగుసలాడుకోవడం మొదలుపెట్టారు. అంతలో జాకబ్ గారు వచ్చారు. వాకిలి చూసి కొయ్యబారిపోయారు.

"ఏంటండీ ఇది? దేవుడి మందిరం ముందు ముగ్గా? పైగా నాలుగు మూలలా పువ్వులా?" లోపల ఆరాధన జరుగుతోంది కనక గట్టిగా అరవడానికి లేదు. ఆ కోపమంతా ఆయన గుసగుసగానే వెళ్ళగక్కాలి. పాపం, మెడనరాలు ఉబ్బిపోయాయి.

నరహరి సారు చేతులు జోడించారు. "తప్పయింది అయ్యగారూ. సున్నం దుకాణం బంద్ ఉండె. మా ఇంటామె డబ్బా తెచ్చిన. గిది ముగ్గు గాదు, గోడ. నా చెయ్యి పాడుగాను, పూలు అదే ఏసింది."

"చెరిపించండి. షెడ్డూ వద్దు, ఏమీ వద్దు" అన్నారు జాకబ్ గారు. ఆయన నానమ్మను లేవదీయడానికి విసవిసా బయల్దేరారు. గీత దాకా వచ్చి టక్కున ఆగారు. పంచె కొంచెం పైకెత్తి పట్టుకుని, గీత వెంబడే పక్కకు నడిచి, మూల తిరిగి, తలుపు కోసం వదిలిన ఖాళీలోంచి లోపలికి వచ్చి, "లేమ్మా, లే" అన్నారు.

నానమ్మ కదల్లేదు. ఆయన ముఖంలోకి చూసి, "జాకబయ్యా, దర్వాజల నుంచే వచ్చినవ్ గదా! మల్ల షెడ్డు వద్దంటవేంది?" అంది.

జాకబ్ గారు కిందికి చూసుకున్నారు. వెనక్కి తిరిగి ఆ ఖాళీ వైపు చూశారు. ముగ్గు వెయ్యడం తాతల నాడే వదిలేసినా, ముగ్గు తొక్కకూడదన్నది కాళ్ళు మరిచిపోలేదు. ముందు ఆయన పెదవి వణికింది, తర్వాత భుజాలు ఊగాయి. గట్టిగా నవ్వడానికి వీల్లేక కండువా నోట్లో కుక్కుకున్నారు. వాకిలంతా అలాగే నోళ్ళు మూసుకుని నవ్వింది. నేను అంత చప్పుడు లేని, అంత పెద్ద నవ్వు మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఆ నవ్వులోనే అనుమతి దొరికిందని గ్రహించి సారు వెంటనే పనిలోకి దిగారు. "అమ్మా, కూసుంటే ఎట్లున్నది?" అని అడిగారు. "మంచిగనే ఉన్నది గని, గీ గోడ లేస్తే చర్చి దర్వాజ కానరాదు. లోపల అయిపోయిందో లేదో నాకెట్ల ఎరుకైతది?" అంది నానమ్మ. మాలో ఎవరికీ తోచని సంగతి అది. సారు చీపురు తెప్పించి ఒక గోడ చెరిపేసి, చర్చి వైపు తెరిచి ఉండేలా మళ్ళీ గీశారు. "చూసినవా సామేలూ, ఇయ్యాల గోడ జరపాలంటే చీపురు చాలు. రేపైతే గడ్డపార కావాలె" అన్నారు. ఈసారి మూలల్లో పువ్వులు వెయ్యలేదు. వెయ్యకుండా ఉండడానికి ఆయన ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకోవడం నేను చూశాను.

బోయిన్‌పల్లి వైపు నుంచి వెదురుబొంగులు తోపుడు బండి మీద తెచ్చాం. మేకు కొట్టకుండా తాళ్ళతోనే ముళ్ళు వేసి నిలబెట్టాం. జాకబ్ గారు తన ఇంటి వెనక విప్పేసిన రేకులు పంపించారు. షెడ్డు పూర్తయిన ఆదివారం నానమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని అందరికంటే ముందొచ్చి కూర్చుంది. వాన మాత్రం రాలేదు. "పడొద్దన్ననాడు పడ్తది, ఇయ్యాల ఏం రోగమొచ్చింది దానికి?" అని ఆకాశాన్ని తిట్టింది. ఆ పై వారం దంచి కొట్టింది. రేకుల మీద ఆ మోతలో నానమ్మ కీర్తన ఎత్తుకుంటే, లోపల ఇంగ్లీషు ప్రసంగం చేస్తున్న పాదిరి గారు కిటికీలోంచి తొంగి చూశారు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆమె ఆదివారం ఇంట్లో ఉండిపోలేదు.

మరుసటి వానాకాలంలో ఒక ఆదివారం నేను చర్చికి వెళ్ళేసరికి షెడ్డు పక్కన నేల మీద కొత్తగా ఒక ముగ్గు ఉంది. నాలుగు గీతలు, నాలుగూ వంకరే. మధ్యలో తలుపుకు ఖాళీ. జాకబ్ గారు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నారు. "సండే స్కూలు పిల్లలకి ఒక గది ఉంటే బాగుంటుందని... మీ సారును ఒకసారి పిలుచుకురా బాబూ" అన్నారు. ఆయన వేలికొసలు తెల్లగా ఉన్నాయి. నేను పరుగెత్తుకెళ్ళి సారును తీసుకొచ్చాను. సారు ఆ గీతలను వంగి చూశారు. చుట్టూ తిరిగి, ఖాళీలోంచి లోపలికి వెళ్ళి, కాసేపు చతికిలబడి కూర్చున్నారు. తర్వాత, "గాలి మంచిగొస్తది అయ్యగారూ, రాండ్రి, మీరు సుత కూసోండ్రి" అన్నారు. పంచె నలుగుతుందని చూసుకోకుండా జాకబ్ గారు వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నారు.

తర్వాత నేను ఇళ్ళు కట్టించడమే వృత్తి చేసుకున్నాను. ఎంత పెద్ద ఇంజనీరు ప్లాను గీసినా, ముందు నేల మీద పిండితో గీయించి, ఆ ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళను తెచ్చి కూర్చోబెట్టందే పునాది తవ్వించలేదు. ఈ ఉదయం వాచ్‌మన్ భార్య నేను పాలు కొని తిరిగొచ్చేసరికి గేటు వెడల్పంతా ముగ్గు వేసేసింది. నేను పాల ప్యాకెట్టు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. "పర్లేదు తాతా, దాటి రా" అంది. దాటలేదు. ఆమె నవ్వి, చేత్తో ఒక గీత చెరిపి నాకు దారి ఇచ్చింది.