ఆముదం తాగిన పెళ్లికొడుకు

ఆ రోజుల్లో కడుపు శుభ్రం చేసుకోవడమంటే ఇప్పటిలా నిమ్మకాయ వాసన వేసే పొడిని సీసాడు నీళ్లలో కలుపుకుని, టీవీ చూస్తూ తీరుబడిగా తాగడం కాదు. మొన్న మా డాక్టరు గారు, వయసు వచ్చింది కదా, ఓసారి పేగులోకి కెమెరా పంపి చూద్దామని ఆ పొడి చేతిలో పెట్టి, "కొంచెం ఇబ్బందిగా ఉంటుందండీ" అని జాలిపడ్డారు. నాకు నవ్వాగలేదు. ఎనభైల్లో శావల్యాపురంలో మా మేనత్త చేతి ఆముదం తాగినవాడికి ఇదొక ఇబ్బందా? ఆవిడ ఆముదం వండితే ఆ వాసనకి వీధికుక్కలు ఊరు విడిచి పోయేవి (వాటిలో ఒకటి వినుకొండ చేరి అక్కడే సంసారం పెట్టిందని ఆవిడే చెప్పేది. నేను ఆవిడ మేనల్లుణ్ణి కనక నమ్మాను. మీరూ నమ్మండి).

అప్పుడు నేను మేనత్త ఇంట్లో ఉంటూ నరసరావుపేటలో పత్తి కొట్టులో గుమస్తాగా చేసేవాణ్ణి. ఉన్నట్టుండి కడుపులో మెలిపెట్టే నొప్పి మొదలైంది. దానివల్ల ప్రాణానికి వచ్చిన ముప్పేమీ లేదు గానీ పెళ్లికి వచ్చింది. ఈపూరులో ఒక అమ్మాయిని చూసి వచ్చాను. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకుని వెళ్లిన నన్ను చూసి, కాఫీ గ్లాసు అందిస్తూ ఆ పిల్ల పెదవి బిగబట్టి నవ్వింది. అంతే, నా పని అయిపోయింది. తాంబూలాలు పుచ్చుకుందామనుకుంటుండగా ఎవరో పుణ్యాత్ముడు వాళ్ల నాన్న చెవిలో, "ఆ కుర్రోడికి కడుపులో ఏదో ఉందంట" అని ఊదాడు. వెంటనే ఆయన దగ్గర్నుంచి కబురు: "కడుపు ఫోటో తీయించండి. ఏం లేదంటే పిల్లనిస్తాం. ఫోటో తీసేటప్పుడు నేనూ ఉంటా."

నరసరావుపేటలో డాక్టరు గారు కింది నుంచి తెల్లటి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తామని, ముందురోజే ఆముదం తాగి, పొద్దున ఏమీ తినకుండా రావాలని చెప్పారు. ఆ సాయంత్రం మా మేనత్త ఇత్తడి గ్లాసు నిండా పోసుకొచ్చి నా ముక్కు పట్టుకుంది.

"ఇంతెందుకత్తా? డాక్టరు సగం చాలన్నాడు."

"డాక్టరుకేం తెలుసురా? పెళ్లి కావాలా వద్దా? మూసుకుని తాగు!"

తాగాను. తెల్లారేసరికి మా దొడ్డిదారి రహదారైంది. నేను ప్రయాణికుణ్ణి, చెంబే నా సామాను. పొద్దున బస్సెక్కేసరికి నాలో మిగిలింది చొక్కా ఒక్కటే. (గాలికి ఎగిరిపోతానని బస్సు కమ్మీ రెండు చేతులా పట్టుకున్నాను.) ఆ బస్సులోనే ఈపూరు నుంచి వచ్చిన పిల్ల తండ్రి, ఆ పెద్దాయన, తలపాగా, చేతికర్రతో ముందు సీట్లో ఠీవిగా కూర్చుని ఉన్నాడు. ఆయన్ని మావయ్యా అంటే తొందరపడ్డట్టు, అయ్యా అంటే ఆశ వదులుకున్నట్టు. అందుకని ఏ పిలుపూ లేకుండా పళ్లికిలించి పక్కన కూర్చున్నాను. ఊరు దాటి కాస్త దూరం పోయామో లేదో కడుపులో ఉరుము ఉరిమింది. నా మొహం చూసి పెద్దాయన కర్రతో బస్సు రేకుని ధనామని కొట్టాడు.

"ఒరేయ్ డ్రైవరూ, ఆపరా! పిలగాడికి అర్జెంటు!"

"ఇక్కడ స్టాపు లేదు పెద్దాయనా," అన్నాడు కండక్టరు.

"స్టాపు లేకపోతే మానె. నువ్వు ఆపకపోతే బస్సు నువ్వే కడుక్కుంటావు, నాకేంది!"

బస్సు ఆగింది. నేను కందిచేలోంచి తిరిగి వచ్చేసరికి బస్సంతా నాకోసం చూస్తోంది. ఒక ముసలమ్మ, "సుఖంగా అయిందా నాయనా?" అని ఆప్యాయంగా అడిగింది. ఇక ఈ సంబంధం పోయినట్టేనని నేను తల దించుకున్నాను.

పేటలో దిగాక నాకు కళ్లు తిరిగి ఆయన భుజం పట్టుకున్నాను. పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, సరాసరి హోటల్లోకి లాక్కుపోయాడు.

"తినకూడదన్నారండీ," అన్నాను నీరసంగా.

"అన్నం తినకూడదన్నారు. ఇది టిఫినేగా? నేను పెళ్లైన కాడ్నించి శనివారం ఒక్కపొద్దుంటున్నా. రాత్రికి మెతుకు ముట్టను, ఇడ్లీలు తింటా. వెంకటేశ్వరస్వామికి లేని పట్టింపు డాక్టరుకేంది? తిను!"

తినకపోతే ఆయనకి కోపం, తింటే ఫోటోకి లోపం. ఎటు చూసినా పిల్ల చేజారేలా ఉంది. ఇంతలో వేడి ఇడ్లీల మీద నెయ్యి వేసి తెచ్చారు. తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు గానీ ప్లేటు ఖాళీ అయింది.

ఆసుపత్రిలో నన్ను బల్లమీద బోర్లా పడుకోబెట్టి, లుంగీ పైకి లాగారు. కాంపౌండరు తెల్ల మందు గొట్టంతో నా వెనక నిలబడ్డాడు. డాక్టరు గారు, "పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే తెర అవతల నుంచి గర్వంగా సమాధానం వచ్చింది.

"మెతుకు కూడా ముట్టనియ్యలేదండీ! నాలుగు ఇడ్లీలు, రెండు గారెలు, ఇంత అల్లం పచ్చడి. అంతే!"

డాక్టరు గారు తెర లాగి పారేశారు. "ఎవరయ్యా నువ్వు? ఖాళీ కడుపుతో తీసుకురమ్మంటే గారెలు పెట్టి తెస్తావా? పేషెంటుకి నువ్వేమవుతావు?"

పెద్దాయన బెదరలేదు. చేతికర్ర నేలమీద తాటించి, "పిల్లనిచ్చే మావని! నా అల్లుడు కళ్లు తిరిగి పడిపోతుంటే చూస్తా ఊరుకుంటానా? మీ ఫోటో ఇయ్యాల కాకపోతే రేపు దిగుద్ది!" అన్నాడు.

వినకూడని భంగిమలో వినవలసిన మాట విన్నాను. ఒళ్లు పులకరించింది (అది గొట్టం చల్లదనం కాదని ఇప్పటికీ ప్రమాణం చేస్తాను). మెడ వెనక్కి తిప్పి మొదటిసారి నోరారా, "మావయ్యా!" అన్నాను.

వారం తర్వాత మళ్లీ ఆముదం తాగి ఫోటో తీయించుకున్నాను. కడుపులో ఏమీ లేదు. మేనత్త పెట్టే పండుమిరప కొరివికారం తగ్గించమన్నారు డాక్టరు గారు, తగ్గించలేదు. ఆ ఫోటో ఎలా ఉందని ఈపూరు నుంచి ఎవరూ అడగనేలేదు, ముహూర్తం అప్పటికే పెట్టేశారు. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. ఆకలితో ఉన్నవాణ్ణి చూసి డాక్టరు ముందే కర్ర తాటించే మనిషి మళ్లీ నాకు తారసపడలేదు. కానీ ఆ రోజు డాక్టరు గారు, "నవ్వుతావేమయ్యా, మళ్లీ ఆముదం తాగాలి తెలుసా?" అని కసురుతుంటే, లుంగీ సర్దుకోవడం కూడా మరిచి బల్లమీద ఇకిలిస్తున్న ఆ బక్క కుర్రాణ్ణి తలుచుకుంటే ముచ్చటేస్తుంది. వాణ్ణి చూసి కాంపౌండరు గొట్టం చుట్టేస్తూ అననే అన్నాడు: "వీడికి కావాల్సింది కడుపు ఫోటో కాదు సార్, పెళ్లి ఫోటో."