కంభం చెరువు కట్టమీద అప్పడాల పందెం

మా పలకల యూనిట్లో కటింగ్ చేసే ఖాసిం మామకూ, ప్యాకింగ్ చూసే మరియమ్మక్కకూ రెండు నెలలుగా మాటల్లేవు. పలకరాళ్ళు పెట్టెల్లోకి చేరేసరికి మూలలు చిట్లుతున్నాయి. కోతలోనే పోతున్నాయని ఆమె, సర్దడంలో పోతున్నాయని ఆయన. ఓనరు నాలుగుసార్లు తననే మందలించేసరికి అక్క, "సోమవారం నుంచి రాను, ఇంకో మనిషిని చూసుకోండి" అనేసింది. ఆమెలా పెట్టె సర్దేవాళ్ళు మార్కాపురంలో దొరకరు. ఓనరుకు భయం పట్టుకుంది. జట్టుగా ఆటలాడిస్తే పని బాగుపడుతుందని ఆయనకు ఎవరో చెప్పారట. శుక్రవారం మామకు నమాజు, ఆదివారం అక్కకు చర్చి. అందుకని శనివారం కంభం చెరువుకు బయల్దేరాం, పన్నెండుమందిమి.

షేర్ ఆటోల్లో ఆరున్నరకు మార్కాపురం రోడ్డు స్టేషన్ చేరాం. ఏడింటికి రావలసిన ప్యాసింజరు ఏడు నలభైకి వచ్చింది. ఈలోగా ఇడ్లీలు అయిపోయాయి, చట్నీ మిగిలింది. ఎందుకు మిగిలిందో తిన్నవాళ్ళకు తెలుసు. టికెట్లు ఓనరువి కాబట్టి ధర నేను అడగలేదు.

రైలు పెట్టెలో మామ ఈ చివర, అక్క ఆ చివర కూర్చున్నారు. గిద్దలూరు పోతున్న ఒక పెద్దామె మా గుంపును చూసి అడిగింది.

"యాడికి నాయనా ఇంతమంది? పెండ్లికా?"

"కాదు పెద్దమ్మా, కలిసి పని చేసేది నేర్చుకోను పోతాండాం."

"మరి ఇన్నాళ్ళూ ఏం చేసినారు?"

"విడివిడిగా చేసినాం" అన్నాను. ఓనరు కిటికీలోంచి చాలా శ్రద్ధగా బయటికి చూశాడు.

ఎనిమిదిన్నర దాటాక కంభంలో దిగాం. చెరువుకు ఆటోలు దొరుకుతాయి. ఆటోవాళ్ళు ముందు మన మొహం చూసి తర్వాత ధర చెబుతారు, కాబట్టి బేరం తెలిసిన మొహాన్ని ముందు నిలబెట్టాలి. గుంటూరు నుంచి వచ్చిన ట్రైనింగ్ మేడం కట్టమీద బెలూన్లతో ఎదురుచూస్తోంది. ఆట మొదలవకముందే గాలి వాటిని ఎత్తుకుపోయింది. బెలూన్ల వెనక మేడం, మేడం వెనక మేం. అందరం ఒకే దిక్కుకు పరిగెత్తడం అదే మొదటిసారి.

మేడం తెలివైనది. మధ్యాహ్నం వేయించుకుందామని తెచ్చుకున్న అప్పడాలు ఆమె కంటపడ్డాయి. ఎండకు పెళుసెక్కి ఉన్నాయి. పది అప్పడాల దొంతి కటింగ్‌వాళ్ళు సగం దూరం తేవాలి, అక్కడినుంచి ప్యాకింగ్‌వాళ్ళు అవతలికి చేర్చాలి. ఒక్కటీ విరగకూడదు. మధ్యలో రెఫరీ నేను.

మామ దొంతిని అరచేతుల్లో పడుకోబెట్టి పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. అక్క రెండు చేతుల మధ్య నిలబెట్టి పట్టుకుంది. చిటుక్కుమన్నాయి. మూడుసార్లు ఆడితే మూడుసార్లూ అంతే.

"ఎవరి దగ్గర విరిగాయి?" అంది మేడం. ఇద్దరి వేళ్ళూ ఎదురెదురుగా లేచాయి.

"మామ చేతిలో ఇరగలే, అక్క చేతిలోకి పోయినాక ఇరగలే" అన్నాను. "పడుకున్న వాటిని నిలబెట్టేటప్పుడు ఇరిగినాయి."

అక్క తిన్నగా మామ వైపు తిరిగింది.

"రోజూ ఇంతే గదన్నా! పలకలు నేలమీద పడుకోబెట్టి పోతావు. నేను మూల పట్టుకోని లేపాల."

"మరి చెప్పొద్దా?"

"నువ్వు మాట్లాడితే గదా చెప్పేది!"

మామ గడ్డం గోక్కున్నాడు. నాలుగోసారి దొంతిని తనే నిలబెట్టి అందించాడు. పదికి పది అప్పడాలు అవతలికి చేరాయి. ఒంటిగంటకు బిర్యానీలోకి విరిగినవి వేయించుకున్నాం. రుచిలో తేడా లేదు.

నాలుగింటికి కంభం బస్టాండులో మార్కాపురం బస్సెక్కాం. బేస్తవారిపేట దాటాక మామ వెనక సీట్లోంచి ముందుకు వంగాడు.

"సోమవారం నువ్వు రాకపోతే ఎవురికి నిలబెట్టి ఇచ్చేది?"

అక్క కిటికీ వైపే చూస్తూ, "ఎనిమిదింటికే వస్తా. పలకలు నిలబెట్టను నీ మిషను పక్కన చెక్క స్టాండు కొట్టియ్యాల. యాడ పెట్టాల్నో నేను చూపిస్తా" అంది.

"నా మిషను కాడ నువ్వు చూపిచ్చేదేంది?"

"చూపించకపోతే మళ్ళా నేల మీదే పెడతావు!"

మళ్ళీ మొదలైందని ముందు సీట్లో ఓనరు తల పట్టుకున్నాడు. నేను మాత్రం హాయిగా వెనక్కి వాలాను. స్టాండు కుడిపక్కనా ఎడమపక్కనా అని మార్కాపురం వచ్చేదాకా ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. రెండు నెలల్లో మా యూనిట్లో జరిగిన మంచి పని ఆ పోట్లాటే.